బావి మోటారుకు తోడు – కెపాసిటరు

(పాశమైలారము పారిశ్రామిక వాడ సమీపమున సమావేశమైన పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



పాశమైలారములో కర్మాగారములు, చుట్టుపట్ల మీ గ్రామములలో బోరుబావులు ఒకే విద్యుచ్ఛక్తిపై ఆధారపడి నడచుచున్నవి. ఇచ్చటికి కూతవేటు దూరమున, రుద్రారములో, ట్రాన్స్‌ఫార్మరులు తయారగుచున్నవి. మీ గ్రామములలో రైతులు చందాలు వేసికొని, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును ట్రాక్టరుపై నెక్కించి మరమ్మతు షెడ్డుకు తోలుకొనిపోవుచున్నారు. అది తిరిగి వచ్చులోపల పైరు ఎండుచున్నది. ఈ నష్టమును చాలవరకు తగ్గింపగల ఒక చిన్న పెట్టెను గురించి మనవి చేయుటకే మేము వచ్చితిమి. దాని పేరు కెపాసిటరు. పాతవారు దీనినే కండెన్సరు అందురు.

మేము ఇంజనీరులము కాము. ఇంజనీరులను అడిగి తెలిసికొన్న విషయములను, గ్రామములలో కన్నులార చూచిన విషయములను మీ ముందుంచుచున్నాము.

ఒక గ్రామములో చూచినది

కొన్నేండ్ల క్రిందట ఈ జిల్లాలోనే ఒక గ్రామమునకు వెళ్లితిమి. వరి పొట్టకు వచ్చిన దశలో అచ్చటి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినది. దాని క్రింద పన్నెండు మోటారులున్నవి. ఏడు మోటారుల వద్ద కెపాసిటరు పెట్టె కనబడినది గాని, మూడింటికి మాత్రమే తీగలు కలిసియున్నవి. ఊడదీసిన కారణమేమని అడుగగా ఒక వృద్ధ రైతు ఇట్లనెను: "ఇది కరెంటు తింటదని చెప్పిండ్రు సారూ. ఒకనాడు ఉబ్బి పగిలింది. భయమైంది, తీసేసిన. అయినా మాకు కరెంటు బిల్లే లేదు. ఇది పెట్టుకుంటే మాకేం లాభం?"

ఆ ప్రశ్నకు ఆనాడు మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి. మా కరపత్రములలో "కెపాసిటరు అమర్చుడు, విద్యుత్తు ఆదా చేయుడు" అని మాత్రమే అచ్చు వేయించితిమి. బిల్లు లేని రైతుకు ఆదాయను మాట చెవికెక్కదు. పగిలిన పెట్టెను చూచినవానికి కరపత్రము ధైర్యము చెప్పదు. కనుక ఈనాడు ఆ రైతు ప్రశ్నలకే జవాబు చెప్పుచున్నాము.

చేబదులు లెక్క

మోటారుకు రెండు విధముల విద్యుత్తు కావలెను. నీటిని పైకి తోడు విద్యుత్తు ఒకటి. ఇది నిజముగా ఖర్చగును. లోపలి తీగచుట్టలలో అయస్కాంత శక్తిని నిలుపు విద్యుత్తు రెండవది. ఇది ఖర్చు కాదు. మోటారు దీనిని తీసికొనును, మరల తిరిగి ఇచ్చును. సెకనులో ఎన్నోమారులు ఇట్లు జరుగుచుండును. ఇది మన ఇండ్లలో చేబదులు వంటిది. చేబదులు కొరకు ప్రతిమారు పట్టణమునకు నడచిపోయి వచ్చినచో దారి ఖర్చు, కాళ్ల నొప్పులు మిగులును. ఇరుగింటిలోనే దొరకినచో ఆ శ్రమ యుండదు. కెపాసిటరు మోటారుకు ఇరుగింటి వంటిది. అది ప్రక్కన లేనిచో చేబదులు బరువంతయు తీగలపైనను, ట్రాన్స్‌ఫార్మరుపైనను పడును.

దీనిని లెక్కలో చూతము. ఐదు హెచ్.పి. మోటారు సుమారు 4.65 కిలోవాట్ల విద్యుత్తు తీసికొనుననుకొందము. పవర్ ఫ్యాక్టరు 0.75 ఉన్నచో ట్రాన్స్‌ఫార్మరుపై పడు బరువు 6.2 కె.వి.ఎ., తీగలలో ప్రవాహము 8.6 ఆంపియర్లు. దాని ప్రక్కన 2 కిలోవార్ కెపాసిటరు అమర్చినచో బరువు 5.1 కె.వి.ఎ.కును, ప్రవాహము 7.1 ఆంపియర్లకును దిగును. తీగలు వేడెక్కుటవలన కలుగు నష్టము దాదాపు మూడవ వంతు తగ్గును.

ఇట్టి మోటారులు పన్నెండు ఒక్కసారిగా నడచినప్పుడు కెపాసిటరులు లేనిచో బరువు 74 కె.వి.ఎ. ఉన్నచో 61 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు శక్తి 63 కె.వి.ఎ. అయినచో ఫలితమేమో మీరే యోచింపుడు. మొదటి లెక్కలో అది కాలును, రెండవ లెక్కలో అది నిలుచును. "మాకేం లాభం?" అనిన రైతుకు ఇదియే మా జవాబు. లాభము బిల్లులో లేదు, ట్రాన్స్‌ఫార్మరు ఆయువులో కలదు. కెపాసిటరు కరెంటు తినుననుట అపోహ. నేటి మేలైన కెపాసిటరు ఒక్కొక్క కిలోవారుకు అర వాటుకన్న తక్కువ మాత్రమే ఖర్చు చేయును.

ఇంకొక మాట. వోల్టేజి ఐదవ వంతు పడిపోయినచో కెపాసిటరు చేయు సాయము మూడవ వంతుకు పైగా తగ్గిపోవును. నలుగురు పెట్టి ఎనమండుగురు మానినచో, పెట్టినవారి పెట్టెలును బలహీనపడును. చెరువు పూడిక తీయుటవలె ఇది అందరు కలిసి చేయవలసిన పని. అందుచేతనే ఒక్కొక్క రైతుతో గాక పంచాయతీతో మాటలాడుచున్నాము.

2004లో ఉమ్మడి రాష్ట్రమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రారంభమైన తరువాత ఏర్పడిన నిబంధనలలో కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. గుర్తు గల పంపుసెట్టు, నీటిని అడ్డగింపని ఫుట్‌వాల్వు, మంచి గొట్టములు అను నాలుగింటిని చేర్చిరి. నిబంధన వ్రాయుట ఒక ఎత్తు, తీగ ఊడకుండ చూచుట ఒక ఎత్తు. ఆ రెండవ పని గ్రామములోనే జరుగవలెను.

పెట్టె లోపల ఏమున్నది?

కెపాసిటరనగా రెండు లోహపు రేకులు, వాని నడుమ విద్యుత్తును పారనీయని పొర. రేకులు మారినవి, నడిమి పొర మారినది. కెపాసిటరు చరిత్రయంతయు ఈ మార్పులలోనే యున్నది. 1746లో హాలెండు దేశపు లైడెన్ నగరమున ముషెన్‌బ్రూక్ అను ఆచార్యుడు నీరు పోసిన గాజు సీసాలో విద్యుత్తును నిలువచేసి, పిమ్మట దానిని ముట్టి పెద్ద దెబ్బ తినెను. తరువాతి కాలమున మైనము పూసిన కాగితము, అభ్రకము, నూనెలో నానిన కాగితము వాడుకలోనికి వచ్చినవి. కాగితపు కెపాసిటరులు ఒక్కొక్క కిలోవారుకు రెండు మూడు వాట్లు ఖర్చు చేయుచు, వేడెక్కుచుండెడివి.

నేడు వాడునది పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కు పొర. దాని మందము తల వెంట్రుక మందములో పదవ వంతు ఉండును. దానిపై జింకు లేక అల్యూమినియమును ఆవిరిగా మార్చి పూయుదురు. దీనిలో గొప్ప సుగుణము కలదు. పొరలో ఎచ్చటనైన చిన్న రంధ్రము పడినచో, దాని చుట్టునున్న లోహము తటాలున ఆవిరియై ఆ చోటు వేరుపడిపోవును. మిగిలిన భాగము యథాప్రకారము పనిచేయును. తన గాయమును తానే మాన్పుకొనుననుట దీనినే. అయితే ప్రతి గాయముతోను కొంత బలము తగ్గును, లోపల కొంత వాయువు చేరును. అట్లు చేరిన వాయువే డబ్బాను ఉబ్బించును.

మంచి తయారీదారు దీనికిని ఉపాయము చేయును. డబ్బా పై అంచున మడత నుంచును. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఆ మడత విచ్చుకొని, డబ్బా పొడుగు సాగి, లోపలి తీగను తెంపును. దానితో కెపాసిటరు చచ్చును గాని పేలదు. నాసిరకపు సరుకులో ఈ మడత యుండదు. ఆ వృద్ధ రైతు చూచినది బహుశః అట్టిదే. ఆయన భయము న్యాయమైనదే. కాని దానికి విరుగుడు కెపాసిటరును మానుట కాదు, మంచి కెపాసిటరును కొనుట.

ఇట్టి సరుకులను పరీక్షించుటకు 1960లో స్థాపితమైన కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థకు బెంగుళూరులో ప్రయోగశాల కలదు. భారత ప్రమాణముల సంస్థ ఈ రకము కెపాసిటరులకు ఐ.ఎస్. 13340 అను ప్రమాణమును నిర్ణయించినది. కొనునప్పుడు ఆ సంఖ్య, ఐ.ఎస్.ఐ. గుర్తు, లైసెన్సు సంఖ్య మూడును పెట్టెపై చూడుడు. ఆ లైసెన్సు నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను యాప్ ద్వారా సెల్‌ఫోనులోనే తెలిసికొనవచ్చును.

ప్రాణరక్షణకు పాటింపవలసినవి

మెయిను ఆపినంతనే కెపాసిటరు చల్లబడినదని తలంపకుడు. లైడెన్ ఆచార్యునికి తగిలిన దెబ్బ ఇట్టిదే. నిలువయున్న విద్యుత్తును ఖాళీచేయుటకు మంచి కెపాసిటరులో రెసిస్టరు ఉండును. మూడు నిమిషములలో వోల్టేజి 75కు దిగవలెనని అంతర్జాతీయ ప్రమాణము. రెసిస్టరు చెడియుండవచ్చును గనుక మూత తీయకముందు ఐదు నిమిషములైన ఆగవలెను. తెలిసిన ఎలక్ట్రీషియను పరీక్షించి ఖాళీ చేసిన తరువాతనే చేయి పెట్టవలెను.

మోటారుకు తగిన పరిమాణమునే అమర్చుడు. 3 హెచ్.పి.కి 1 కిలోవార్, 5 హెచ్.పి.కి 2, 7.5 హెచ్.పి.కి 3. పెద్దది పెట్టినచో మేలు పెరుగునని తలంపరాదు. కరెంటు ఆపిన తరువాతను తిరుగుచున్న మోటారు ఆ పెద్ద కెపాసిటరు ఊతముతో తానే విద్యుత్తును పుట్టించి, వోల్టేజిని ప్రమాదకరముగా పెంచగలదు.

కెపాసిటరును స్టార్టరుకు మోటారు వైపున కలుపవలెను. అప్పుడు మోటారుతోపాటు అదియు ఆగును. ప్రవాహము తగ్గును గనుక ఓవర్‌లోడు రిలేను కూడ ఆ మేరకు తగ్గించి సరిచేయింపవలెను. లేనిచో మోటారుకు రక్షణ పోవును.

ఆటోస్టార్టరులను తీసివేయుడు. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు ఇంకను ఖాళీ కాని కెపాసిటరుపై పెద్ద దెబ్బ పడును. మోటారులన్నియు ఒక్కసారిగా లేచి ట్రాన్స్‌ఫార్మరును కూడ కాల్చును.

రెండు ఫేజులే వచ్చుచున్నప్పుడు కండెన్సరు పెట్టి మూడు ఫేజుల మోటారును నడుపు అలవాటు కొన్నిచోట్ల కలదు. అది మోటారుకును, తీగలకును, మనిషికిని ప్రమాదము. దానిని మాన్పింపుడు.

ఉబ్బిన, కారిన, మాడు వాసన వచ్చు కెపాసిటరును ఆనాడే తొలగింపుడు. పెట్టెకు ఎర్తు తీగ ఉండవలెను. ఎండ, వాన తగులని చోట, గాలి ఆడునట్లు బిగింపవలెను. వేడి పెరిగినకొలది దాని ఆయువు తరుగును.

పాత నూనె ప్రమాదము

పాత పెట్టెలను గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. 1930 ప్రాంతమునుండి చాలకాలము అనేక దేశములలో కెపాసిటరులలో పి.సి.బి. అను నూనె పోసిరి. అది మంటకు లొంగదని మెచ్చుకొనిరి. కాని అది మట్టిలోను, నీటిలోను, ప్రాణుల కొవ్వులోను నశింపక నిలిచిపోవునని పిమ్మట తేలినది. 1968లో జపానులో ఆ నూనె తవుడునూనెలో కలిసి వేలమంది జబ్బుపడిరి. మన కేంద్ర ప్రభుత్వము 2016లో దాని తయారీని, దిగుమతిని నిషేధించి, 2025 డిసెంబరు 31 నాటికి వాడుకను పూర్తిగా ఆపవలెనని ఉత్తర్వు చేసినది. నేటి పొడి కెపాసిటరులలో ఆ నూనె లేదు. అయినను, ఏండ్లనాటి పెట్టె ఎచ్చటనైన కనబడినచో పాత ఇనుము వారికి అమ్మకుడు, రేకు కొరకు పగులగొట్టనీయకుడు, కాల్వలో పారవేయకుడు, విద్యుత్ శాఖ వారికి తెలియజేయుడు. వ్యర్థములు నీటిలో కలిసిన ఫలితమేమో నక్కవాగు ప్రక్కన నివసించువారికి మేము చెప్పనక్కరలేదు.

ఈ వాడలో మరువరానిది

2025 జూన్ 30న ఈ పారిశ్రామిక వాడలోనే ఒక కర్మాగారములో పేలుడు జరిగి నలువదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. దానికిని కెపాసిటరులకును సంబంధము కలదని మేము చెప్పుట లేదు. పొట్టకూటికై దూరప్రాంతములనుండి వచ్చిన ఆ కార్మికులను తలంపక, ఈ చోట భద్రతను గురించి మాటలాడుట తగదు. ప్రమాదము జరిగిన పిమ్మట చేయు విచారణకన్న, జరుగకముందు చేయు తనిఖీ మేలు. కర్మాగారమునకైనను, చేనిగట్టుపై స్టార్టరు డబ్బాకైనను ఇది ఒక్కటే నీతి.

పంచాయతీ చేయవలసినది

మీరు చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరుకు ఒక పుస్తకము పెట్టుడు. దాని క్రిందనున్న మోటారులెన్ని, కెపాసిటరులెన్ని, వానిలో తీగలు కలిసియున్నవెన్ని అని వ్రాయింపుడు. లైన్‌మనును పిలిపించి, ఖరీఫునకు ముందొకసారి, యాసంగికి ముందొకసారి క్లిప్ మీటరుతో ప్రవాహము కొలిపింపుడు. కెపాసిటరు కలిపినప్పుడు ఆంపియర్లు తగ్గకపోయినచో ఆ పెట్టె చచ్చినదని గ్రహింపుడు. కొనుగోలు అందరు కలిసి చేసినచో నాసిరకము చేరదు. ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపింపుడు. ఎవరి తీగ ఊడియున్నదో ఊరందరికి తెలిసినచో అది త్వరలోనే కలియును.

ఆ వృద్ధ రైతును మరల కలిసికొన్నచో మేమిట్లు చెప్పుదుము: "పెద్దయ్యా, నీ భయము నిజము, నీ ప్రశ్నయు నిజము. మంచి పెట్టెను, తగిన పెట్టెను, తెలిసినవాని చేత పెట్టించుకొనుము. నీ లాభము నీ వరి గింజలో ఉన్నది." ఈ మాటను మీ మీ గ్రామములలో మా తరఫున మీరు చెప్పవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.