రౌతు కొద్దీ గుర్రం
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"రౌతు కొద్దీ గుర్రం" అని మన పెద్దలు అన్నారు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అనీ వాళ్ళే అన్నారు. మొదటి సామెత పూర్తిగా నిజమనీ, రెండోది సగమే నిజమనీ చూపించే ఆట ఒకటుంది. దాని పేరు డ్రెస్సాజ్. లేత గుర్రాన్ని ఆ ఆటలో మొదటి పోటీకి ఎలా తయారుచేస్తారో ఈవేళ చెప్పుకుందాం.

గుర్రప్పందేలంటే మనకు తెలుసు, ముందు చేరినదే గెలుస్తుంది. డ్రెస్సాజ్‌లో అలా కాదు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు తర్ఫీదు అని అర్థం. చదునైన బరిలో గుర్రం ఎంత నిమ్మళంగా, ఎంత లయగా, రౌతు మనసెరిగి నడుస్తుందో చూసి మార్కులు వేస్తారు. ఇది యూరపులో, ముఖ్యంగా జర్మనీలో బాగా పెరిగిన విద్య.

మనకెందుకు ఈ గోల అనకండి. 2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు ఈ పోటీలోనే బంగారు పతకం గెలిచింది. గుర్రపుస్వారీలో మన దేశానికి ఆసియా క్రీడల బంగారం రావడం 1982 ఢిల్లీ తర్వాత అదే మొదలు. నలుగురున్న ఆ జట్టులో ఇద్దరు ఆడపిల్లలు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. ఈ ఆటలో ఆడవారికి వేరు, మగవారికి వేరు అని విభాగాలు లేవు. అందరూ ఒకే బరిలో పోటీ పడతారు.

ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకునేరు! 1952కు ముందు ఒలింపిక్స్‌లో సైనికాధికారులకే ఇందులో ప్రవేశం. ఆ సంవత్సరం హెల్సింకీలో స్త్రీలకు తలుపు తెరిస్తే, డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్ అనే ఆవిడ వెండి పతకం గెలుచుకుంది. 1944లో, గర్భవతిగా ఉండగా, ఆమెకు పోలియో వచ్చింది. మోకాళ్ళ కింద కాళ్ళలో చలనం పోయింది. గుర్రం ఎక్కాలన్నా, దిగాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాలి. అటువంటి మనిషి గుర్రాన్ని బలంతో ఎలా లొంగదీస్తుంది చెప్పండి? ఆమె గుర్రం జూబిలీ ఆమె మాట నమ్మి నడిచింది. 1956లో మళ్ళీ వెండి పతకం తెచ్చుకుంది.

ఇక పోటీ సంగతి. బరి 20 మీటర్ల వెడల్పు, 40 లేక 60 మీటర్ల పొడవు ఉంటుంది. చుట్టూ అక్షరాల పలకలు. ఏ అక్షరం దగ్గర లోపలికి రావాలో, ఎక్కడ గుండ్రంగా తిరగాలో, ఎక్కడ ఆగి వందనం చేయాలో ముందే రాసి ఉంటుంది. లేత గుర్రాలకు పెట్టే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కొక్క అంశానికీ సున్నా నుంచి 10 వరకూ మార్కులు.

అందులో ముఖ్యంగా చూసేది లయ. సంగీతం తెలిసిన మనవాళ్ళకు ఇది ఇట్టే బోధపడుతుంది. గుర్రం మామూలుగా నడుస్తూంటే నాలుగు అడుగుల చప్పుళ్ళు విడివిడిగా వినిపిస్తాయి, చతురశ్రంలాగా. ట్రాట్ అనే చురుకు నడకలో ఐమూలగా ఉన్న కాళ్ళు జంటగా పడతాయి గనుక రెండే దెబ్బలు. క్యాంటర్ అనే మెల్లని దౌడులో మూడు, అచ్చం తిశ్రం. భయపడిన గుర్రానికి ముందుగా తప్పేది ఈ తాళమే.

గుర్రానికి మూడు నాలుగేళ్ళు వచ్చాక జీను వేసి మనిషిని మోయడం నేర్పుతారు. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం నిజమే కానీ, మొక్కను వంచబోయి విరిచేస్తేనో? ఆ వయసులో దాని వెన్నెముక ఇంకా పూర్తిగా ముదిరి ఉండదు. పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చే కాలం కూడా అదే. అయిదేళ్ళ దాకా ఆ సందడి సాగుతూనే ఉంటుంది. నోట్లో కళ్ళెం ఇనుము ఒరుసుకుంటే తల విదిలిస్తుంది. దాన్ని పొగరనుకుని దండిస్తే అన్యాయం కదూ! అందుకే తెలిసినవాళ్ళు ముందు పళ్ళు చూపిస్తారు, జీను సరిపోయిందో లేదో చూస్తారు, ఆ తర్వాతే తప్పెవరిదో ఆలోచిస్తారు.

పాఠం రోజుకు అరగంట చాలు. అదీ రోజూ బరిలోనే కాదు. ఒక రోజు బరిలో, ఒక రోజు పొలాల గట్ల వెంట షికారు, ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. పరీక్ష మొత్తాన్ని వరసపెట్టి వల్లె వేయించకూడదు. గుర్రం జ్ఞాపకశక్తి గొప్పది. వరస పట్టేసిందంటే రౌతు అడగకముందే మలుపు తిరిగేస్తుంది. ముక్కలు ముక్కలుగా నేర్పి, పూర్తి వరస రౌతు మాత్రమే గుర్తుపెట్టుకోవాలి.

కొత్తవాళ్ళకు తేలిగ్గా కనిపించి కష్టపెట్టేవి రెండు. బరి నడిమధ్య గీత మీద తిన్నగా నడవడం ఒకటి. పక్కన గోడ ఆసరా లేకపోతే లేత గుర్రం నడక నేర్చే పిల్లాడిలా అటూ ఇటూ తూలుతుంది. రెండోది కదలకుండా నిలబడడం. నాలుగు క్షణాలు నిలబడితే మెడ నిమరాలి, పగ్గాలు వదులు చేయాలి.

మెత్తన అంటే గారాబం కాదు సుమండీ. రౌతు ఒక సంజ్ఞకు ఈవేళ ఒక అర్థం, రేపు ఇంకో అర్థం చెబితే గుర్రం అయోమయంలో పడుతుంది. కాలితో మెల్లగా ఒత్తితే ముందుకు సాగాలంటే, ఎప్పుడూ అదే. సాగిన క్షణంలో ఒత్తిడి తీసేయాలి. ఆ వదలడంలోనే పాఠమంతా ఉంది. చెప్పినమాట విన్నా పోరు ఆగకపోతే ఏ ప్రాణి మాత్రం ఎందుకు వింటుంది?

ఇక భయాల సంగతి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. అనుమానం రాగానే పారిపోవడమే దానికి తెలిసిన రక్షణ. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంవల్ల చుట్టూ చాలా మేర చూస్తుంది గానీ, నుదుటికి ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం కనిపించదు. ఎడమవైపు నుంచి చూసి అలవాటుపడ్డ పూలకుండీని కుడివైపు నుంచి చూసి బెదిరే గుర్రాలున్నాయి. అందుకని పోటీలో ఉండేవన్నీ ముందే ఇంటి దగ్గర పరిచయం చేస్తారు. తెల్ల పలకలు, పూలకుండీలు, గాలికి రెపరెపలాడే జెండా, మైకు చప్పుడు, చప్పట్లు, ఎదురుగా వచ్చే వేరే గుర్రాలు. ఒక్కొక్కటిగా, దూరం నుంచి దగ్గరగా. అన్నీ ఒకేరోజు కాదు.

ప్రయాణం మరో పరీక్ష. చీకటిగా, ఊగుతూ ఉండే బండిలోకి ఎక్కమంటే లేత గుర్రం మొరాయించడం సహజం. కొన్ని వారాల ముందే ఆగి ఉన్న బండిలో మేత పెడతారు. తర్వాత కొద్ది దూరం తిప్పి తీసుకొస్తారు. తోడుగా పెద్ద గుర్రం ఒకటి ఉంటే మరీ మంచిది. ఆ తర్వాత పోటీ జరిగేచోటికి ఒకసారి తీసుకెళ్ళి, పాల్గొనకుండా చూపించి తెచ్చేస్తారు.

పోటీ రోజుకు కొత్తవేవీ పనికిరావు. కొత్త జీను, కొత్త దాణా వద్దు. లాడాలు ముందురోజు కాదు, వారం ముందే వేయించాలి. ఊరుగాని ఊరి నీళ్ళు కొన్ని గుర్రాలు ముట్టవు, ఇంటి నీళ్ళు, దాని బాల్చీ వెంట ఉండాలి. కడుపు ఖాళీగా ఎక్కువసేపు ఉంచకూడదు గనుక ఎండుగడ్డి దగ్గరే ఉంచాలి. జూలు అల్లడానికి ఓపిక కావాలి. ఆడపిల్లలకు జడలు వేసిన చేతులకు ఇది అలవాటైన పనే!

బరి బయట కాసేపు మెల్లగా నడిపించి ఒళ్ళు వదులు చేయాలి. అలసిపోయేదాకా తిప్పడం తప్పు. గంట మోగిన తర్వాత ఆలస్యం చేయకుండా లోపలికి వెళ్ళాలి. లోపల నోటితో అదిలించడం, నాలుకతో టక్కుమనిపించడం నిషిద్ధం. ఇంటి దగ్గర గొంతుతో ధైర్యం చెప్పే అలవాటున్నవాళ్ళు అక్కడ కూర్చునే తీరుతోనే ఆ ధైర్యం చెప్పాలి. రౌతు ఊపిరి బిగబడితే గుర్రానికి వెంటనే తెలిసిపోతుంది.

అయిపోయాక మార్కుల కాగితం చేతికిస్తారు. ప్రతి అంశానికీ ఎదురుగా న్యాయనిర్ణేత మాట కూడా ఉంటుంది, "తాళం తప్పింది", "నిలకడ బాగుంది" అంటూ. పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులాగే దాన్ని చదివి దాచుకోవాలి గానీ, గుర్రం మీద కోపం తెచ్చుకోకూడదు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, పతకాల ఆశ పెద్దవాళ్ళనే దారి తప్పిస్తుంది. 2024లో, ఒలింపిక్ విజేత అయిన ఒక బ్రిటిష్ రౌతు, శిక్షణలో గుర్రం కాళ్ళను కొరడాతో మాటిమాటికీ కొట్టిన వీడియో బయటికి రావడంతో, పారిస్ పోటీల నుంచి తప్పుకోవలసివచ్చింది. ఏడాది నిషేధం కూడా పడింది. నోరులేని జీవికి జరిగేది లోకం గమనిస్తోందన్నమాట.

కనుక మొదటి పోటీలో బహుమతి వచ్చిందా అని అడగకండి. గుర్రం తిరిగొచ్చి మామూలుగా మేత మేసిందా, మర్నాడు జీను చూడగానే చెవులు వెనక్కి పెట్టకుండా నిలబడిందా, రెండో పోటీకి బండిలోకి తనంతట తానే ఎక్కిందా అని అడగండి. ఎక్కిందంటే ఆ రౌతు గెలిచినట్టే. మొదటిసారి పాటల పోటీకో, పరీక్షకో పిల్లల్ని పంపే ముందు ఈ ప్రశ్నలు మనకూ అక్కరకొస్తాయేమో, ఆలోచించండి.