పచ్చదనం ఫ్లెక్సీ మీదేనా?





పర్యావరణం మీద ఉపన్యాసాలకు ఈ రోజుల్లో కొదవ లేదు. 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సు స్పాన్సర్లలో కోకాకోలా ఒకటి. ఏటా వేల కోట్ల ప్లాస్టిక్ సీసాలు అమ్మే కంపెనీ అది! మరుసటి ఏడాది దుబాయ్ సదస్సుకు అధ్యక్షత వహించినది అబూ ధాబీ చమురు సంస్థ అధిపతి. వాళ్లను వేలెత్తి చూపడం తేలికే. మన మొహల్లా సంగతి చూద్దాం.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా రమజాన్‌లో పెద్ద ఇఫ్తార్ విందు ముగిశాక హాలు వెనక్కి వెళ్లి చూడండి. ప్లాస్టిక్ మానేశామనే చోట పేపరు గ్లాసులుంటాయి. టీ కారకుండా వాటి లోపల పూసేది కూడా సాధారణంగా పల్చటి ప్లాస్టిక్ పొరే. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. అది లీటరు కూడా ఉండదు. ఆ మాట ప్రసంగంలో విని తల ఊపినవారే బయటికొచ్చి కుళాయి బార్లా తెరిచి వుజూ చేస్తుంటారు. ఇక ‘పచ్చదనాన్ని కాపాడుదాం’ అని రాయించే ఫ్లెక్సీ పీవీసీతో తయారవుతుంది. కాలిస్తే విషవాయువులు. గుప్తదానం గొప్పదని చెప్పుకుంటూనే దాని మీద ఇంతింత ఫొటోలు!

ఇవన్నీ ఒక ఎత్తు. మమ్మల్ని ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది.

మన దూదేకుల సోదరులు తరతరాలుగా చేసిన పనేమిటి? పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ పొంగేలా చేసి, అదే పరుపును కొత్తదానిలా కుట్టివ్వడం. ఒక్క పరుపు ఎన్నో ఏళ్లు వచ్చేది. పనికిరాకుండా పోయేది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడు పెద్ద ఊళ్లలో సెమినార్లు పెట్టి నేర్పే పాఠం ఇదే. కానీ ఆ పని చేసినవారికి సమాజం ఇచ్చింది ఎగతాళి సామెతలు. ఫోము పరుపులు రావడంతో చాలామందికి ఆ ఉపాధీ పోయింది. ఆ ఫోము చిరిగితే చెత్తకుప్పకే.

కబాడీ బండి తోసేవారు, పంక్చర్లు వేసేవారు, పాత బట్టలకు అతుకులు కుట్టే అమ్మలు కూడా అంతే. మన బస్తీల్లో వస్తువు ఆయుష్షు పెంచుతున్నది వీరే. వేదిక మీద రీసైక్లింగును పొగిడే మనిషి ఇంటి గుమ్మంలో పాత పేపర్ల కిలోకు రెండు రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడితే ఆ పొగడ్తకు అర్థమేముంది? జకాత్ పంపిణీ రోజున అదే కుటుంబాన్ని వరుసలో నిలబెట్టి సాయం ఇస్తాం. వారి పనికి సరైన ధర ముందే దక్కితే కొందరికైనా ఆ వరుసలో నిలబడే అవసరం ఉండదు.

అందుకే దాతలకు ఒక విన్నపం. వచ్చే రమజాన్‌కు ఫ్లెక్సీల కోసం ఇవ్వదలచిన సొమ్ముతో స్టీలు పళ్లాలు, గ్లాసులు కొనివ్వండి. సంస్థ గదిలో ఉంచితే పెళ్లిళ్లకూ మొహల్లావారు వాడుకుంటారు. వీటిని ఎవరు కడుగుతారని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పుణ్యం పేరు చెప్పి ఆ పనిని ఇంటి ఆడవాళ్ల మీద, మదరసా పిల్లల మీద వేయడం మాకు సమ్మతం కాదు. కడిగేవారి కూలీని కూడా విందు ఖర్చులోనే, బిర్యానీ బియ్యం పక్కనే రాయండి.