ఇంటింటికీ సినిమా మోసిన తీగలు



మాస్టారి పేరు మీద జరిగే సభలో మాట్లాడే అవకాశం రావడం నాకు గౌరవం. బెంగళూరు గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగి, పాత లెడ్జర్లు, కలెక్షన్ షీట్లు తిరగేసి, తెలుగు సినిమా ఈ ఊళ్లోకి ఎలా వచ్చిందో, ఏ పేటలో ఎన్ని వారాలు ఆడిందో రాసిపెట్టిన మనిషి ఆయన. ఆ చరిత్ర థియేటర్ గేటు దాకా వచ్చి ఆగింది. గేటు నుంచి మన ఇంటి గుమ్మం దాకా ఉన్న దారిని కూడా ఎవరో ఒకరు రాయాలని చివరి రోజుల్లో ఆయన పట్టుబట్టేవారు. ఆ పని నెత్తికెత్తుకున్నవాళ్లలో నేనొకణ్ని. బ్రాడ్‌బ్యాండ్ తీగ మీద సినిమా ఇంటికి ఎలా చేరింది, ఎవరు చేర్చారు అన్నదే ఈ రోజు నా విషయం.

నా వాదన ముందే చెప్పేస్తాను. నెట్‌లో చూసే సినిమా ఎక్కడో అమెరికా నుంచి వస్తోందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు అది మన ఊళ్లోనే, మనకు కనెక్షన్ ఇచ్చిన కంపెనీ గదిలోనే ఉన్న పెట్టెలోంచి వస్తుంది. సినిమాను ముందే చూసేవాళ్ల ఇళ్లకు దగ్గరగా తెచ్చిపెట్టుకుని, అక్కణ్నుంచి వీధి తీగ మీద పంపడం అనే పద్ధతి మన పేటల్లో కేబుల్ ఆపరేటర్ల చేతుల్లో పెరిగింది. చరిత్రలో వాళ్లకు దక్కవలసిన చోటు దక్కలేదు.

వీసీఆర్ల కాలం, అద్దె క్యాసెట్లు, 1995లో జెమిని, ఈటీవీ రాక మీకు తెలిసిన సంగతులే. అదే ఏడాది ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది. టెలిఫోన్ మోడెం మీద ఒక్క ఫోటో విచ్చుకోవడానికే నిమిషాలు పట్టే రోజులు కాబట్టి అక్కడ సినిమా ఊసే లేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగళూరులో ఆఫీసు తెరిచి ఉపగ్రహం ద్వారా విదేశాలకు పని పంపింది. అదే ఊళ్లో ఇరవై ఏళ్ల తర్వాత కూడా మామూలు ఇంటికి మంచి తీగ లేదు. కంపెనీలకు దారి పడినంత త్వరగా ఇళ్లకు పడలేదు.

ఆ కాలంలోంచి ఒక్క గదిని మాత్రం గుర్తుంచుకోండి. కేబుల్ ఆపరేటరు మేడ మీద గది. పైన డిష్‌లు, లోపల వరసగా రిసీవర్లు, వాటి పక్కన ఒక వీసీఆర్, తర్వాత్తర్వాత వీసీడీ ప్లేయర్. రాత్రి భోజనాల వేళకి ఆ ప్లేయర్‌లో వేసిన సినిమా పేటలోని వందల ఇళ్లలో ఆడేది. చాలాసార్లు దానికి హక్కులుండేవి కావు, దాన్ని నేను సమర్థించడం లేదు. కానీ సినిమా ఉన్న చోటికీ చూసే ఇంటికీ మధ్య దూరం ఎంత? నాలుగు వీధులు. ఈ కొలతను మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

ఇక నేను ఏళ్ల తరబడి తవ్విన కాలానికి వస్తాను. 2004 అక్టోబరులో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. 256 కె.బి.పి.ఎస్. వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. 2005 జనవరి 14న బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ సేవ డేటావన్ వచ్చింది. ఈ వేగంతో సినిమా సంగతేమిటో లెక్క వేసి చూద్దాం. వీసీడీలో బొమ్మకే సెకనుకు దాదాపు 11.5 లక్షల బిట్లు కావాలి. మన తీగ మోసేది 2.56 లక్షలు. అంటే వీసీడీ నాణ్యతతో కూడా సినిమాను వస్తూ ఉండగా చూడడం కుదరదు. దింపుకుని చూడాలి. ఒక సీడీలో పట్టేలా కుదించిన 700 ఎంబీ సినిమా ఆ వేగంతో దిగడానికి అటూ ఇటూగా ఆరు గంటలు. నెలకు 500 రూపాయల ప్లాన్‌లో ఇచ్చేది 1 జీబీ. ఒక సినిమా దింపితే నెల కోటా దాదాపు చెల్లు, దాటితే ఎంబీకి ఇంతని బిల్లు.

ఇక్కడ ఒక చిన్న వెసులుబాటు చరిత్రను మలుపు తిప్పిందని నా నమ్మకం. బి.ఎస్.ఎన్.ఎల్. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా దింపుకున్నది కోటాలోకి వచ్చేది కాదు. సరిగ్గా ఆరు గంటలు! మారతహళ్లి, మడివాళ, బి.టి.ఎం. లేఅవుట్లలో అద్దె గదుల్లో ఉన్న మన కుర్రాళ్లు కంప్యూటర్‌లో టైమర్ పెట్టి పడుకునేవారు. రెండింటికి మొదలు, ఎనిమిదింటికి బంద్. మధ్యలో కరెంటు పోతే ఆ రాత్రికి అంతే, మర్నాడు మిగతా సగం. ఆదివారం పొద్దున ఆ గదిలో ఒకే మానిటర్ ముందు ఆరుగురు కూర్చుని సినిమా చూసేవారు. ఇంటర్నెట్ తీగ మీద సినిమా ఇంటికి రావడం మన ఊళ్లో మొదట ఇలా జరిగింది.

టెలిఫోన్ రాగి తీగకు ఇంకో చిక్కు ఉంది. ఎక్స్ఛేంజీ నుంచి దూరం వెళ్లేకొద్దీ వేగం పడిపోతుంది. వానాకాలంలో జాయింట్లలోకి నీళ్లు దిగితే మోడెం మీద లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మరి కేబుల్ టీవీ తీగ? అది వీధి వీధికీ ఉంది, కానీ ఆ తీగ మీది యాంప్లిఫయర్లు సిగ్నల్‌ను ఇంటివైపే తోస్తాయి. ఇంటి నుంచి తిరిగి వెళ్లే దారి లేదు. ఇంటర్నెట్‌కు రెండు దార్లూ కావాలి. యాంప్లిఫయర్లన్నీ మార్చాలంటే తలకు మించిన ఖర్చు. అందుకని ఆపరేటర్లు చాలాచోట్ల పాత తీగను కదపకుండా దాని పక్కనే ఇంకో తీగ లాగారు.

ఆ తీగ లాగిన తీరు దగ్గరనుంచి చూడదగ్గది. మేడ మీది నీళ్ల ట్యాంకు కింద ఒక ఇనప పెట్టె, అందులో ఒక నెట్‌వర్క్ స్విచ్. అక్కణ్నుంచి నీలం రంగు తీగ పిట్టగోడ మీదుగా పక్క మేడకి. ఆ రకం తీగ 100 మీటర్లు దాటితే పనిచేయదు. కాబట్టి ప్రతి నాలుగైదు ఇళ్లకీ ఒక మేడ యజమానిని బతిమాలి, ఉచితంగా కనెక్షన్ ఇస్తామని ఒప్పించి ఇంకో పెట్టె పెట్టాలి. ఆ పెట్టెకు కరెంటు ఆ ఇంటి మీటరు నుంచే. ఆ ఇంటివాళ్లు ఊరెళుతూ మెయిన్ కట్టేస్తే దాని వెనకున్న ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది. అప్పుడు రాత్రి పదకొండింటికి టార్చిలైటు పట్టుకుని నిచ్చెన ఎక్కేది ఆపరేటరు దగ్గర పనిచేసే కుర్రాడు. నేను మాట్లాడిన ఆపరేటర్లలో చాలామంది ఆ కుర్రాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలరు. ఏ పుస్తకంలోనూ ఆ పేర్లు లేవు.

ఈ మేడల తీగలకు బదులు భవనం దాకా ఫైబర్ వేసి, అక్కణ్నుంచి మాత్రమే మామూలు తీగ లాగడం తర్వాతి అడుగు. 2000లో బెంగళూరులో కేబుల్ టీవీ కంపెనీగా మొదలైన అట్రియా కన్వర్జెన్స్, అంటే మనమంతా యాక్ట్ అనే కంపెనీ, ఈ దారి పట్టింది. హైదరాబాదులో బీమ్ అనే కంపెనీ అదే పని చేసింది, తర్వాత అది యాక్ట్‌లో కలిసింది. వీధుల్లో అప్పటికే స్తంభాలూ మేడలూ తెలిసిన కేబుల్ మనుషులు లేకపోతే ఆ ఫైబర్ అంత త్వరగా పాకేది కాదు.

ఈ నెట్‌వర్కుల్లో ఒక విశేషం ఉండేది. బయటి ఇంటర్నెట్‌కు వేగం తక్కువ, నెట్‌వర్క్ లోపల ఒకరి నుంచి ఒకరికి వేగం ఎక్కువ. దేశంలోని ఇంటర్నెట్ కంపెనీలను ఒకదానితో ఒకటి కలిపే నిక్సీ 2003లో ఏర్పడక ముందు, బెంగళూరులో వేర్వేరు కంపెనీల కనెక్షన్లున్న రెండు వీధుల మధ్య మెయిల్ కూడా విదేశం చుట్టి రావలసి వచ్చేది. బయటికి వెళ్లే ప్రతి బిట్‌కూ ఆపరేటరు డబ్బు కట్టాలి. కాబట్టి బాగా అడిగే సరుకును లోపలే పెట్టుకోవడం వాళ్లకు బతుకుదెరువు. పెద్ద కంపెనీలు చేసిందీ ఇదే. 1998లో పుట్టిన అకమై వ్యాపారమే ఇది. 2012లో నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ కనెక్ట్ పేరుతో సినిమాలు నింపిన పెట్టెలను ఇంటర్నెట్ కంపెనీల గదుల్లో పెట్టడం మొదలుపెట్టింది. ఆ పెట్టె వచ్చి కూర్చున్న గదిని చూడండి. ఒకప్పుడు వీసీఆర్ ఉన్న గదికి అది వారసురాలు. తేడా అల్లా ఇప్పుడు హక్కులున్నాయి, లెక్కలున్నాయి, ఎవరు ఏ సినిమా ఎప్పుడు చూడాలో వాళ్లే ఎంచుకోవచ్చు.

ఇక్కడ నాతో విభేదించే పండితులకు సమాధానం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వాళ్లలో రెండు వర్గాలున్నాయి.

మొదటి వర్గం ఈ చరిత్రను 2016 నుంచి మొదలుపెడుతుంది. ఆ జనవరి 6న నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది, సెప్టెంబరు 5న జియో వచ్చింది, అంతకుముందు ఏమీ లేదు అంటారు. నేను అడిగేది ఒక్కటే. జనవరి 6 రాత్రి ఇంట్లో టీవీలో నెట్‌ఫ్లిక్స్ పెట్టుకున్నవాళ్లు ఏ తీగ మీద చూశారు? అప్పటికే ఇంటికి తీగ ఉన్నవాళ్లే చూడగలిగారు. జియో దేశమంతటా ఫోన్లలో వీడియో నింపింది, ఆ మేలు చాలా పెద్దది. అయినా ఫోన్‌లో ఒక్కరు చూడడం వేరు, హాల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని రెండున్నర గంటల సినిమా చూడడం వేరు. ఈ తేడాను 2020 మార్చి అందరి కళ్లకూ కట్టింది. లాక్‌డౌన్‌లో మొబైల్ నెట్‌వర్కులు తట్టుకోలేవని ప్రధాన వీడియో సంస్థలు కూడి, మొబైల్‌లో నాణ్యతను 480పి దగ్గర ఆపేశాయి. ఆ 480పి కోత తీగ మీద చూసే ఇళ్లకు పెట్టలేదు. దేశం మొత్తం ఇంట్లో కూర్చున్న వేళ భారం మోసింది ఎవరో అక్కడే తేలింది.

రెండో వర్గం ఇంకా గట్టిది. పైరసీయే అన్నిటికీ పునాది అని వాళ్ల వాదం. రాత్రి 2 నుంచి 8 దాకా జనం దింపుకున్నది ఏమిటో నాకూ తెలుసు, దాన్ని దాచను. కానీ కోరికను, దారిని ఒకే గాటన కట్టకూడదు. దొంగ సీడీ చేతులు మారి వచ్చింది, బస్సుల్లో వచ్చింది, ఫుట్‌పాత్ మీద అమ్ముడైంది. దొంగ సీడీ అమ్మినవాడు ఒక్క మీటరు తీగ వేయలేదు, ఒక్క స్తంభం ఎక్కలేదు. సినిమా మీది ఆకలి జనం చేత నెల నెలా కనెక్షన్‌కు డబ్బు కట్టించిందంటే ఒప్పుకుంటాను. ఆ డబ్బుతో దారి వేసినవాళ్లు వేరే ఉన్నారు. 2006 నవంబరులో 'వివాహ్' థియేటర్లలో విడుదలైన రోజే నెట్‌లోనూ డబ్బు కట్టి చూసేలా పెట్టారు. న్యాయమైన దారి అంత ముందే తెరిచి ఉంటే, దాన్ని వాడుకోవడానికి మన ఇళ్లకు తీగ లేకపోవడమే అసలు లోటు. పైరసీని పునాది అనేవాళ్లు ఈ లోటును చూడడం లేదు. ఈ మాట నేను ఎన్ని సభల్లో చెప్పినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఆ వాదం కష్టపడ్డవాళ్ల పేరు చెరిపేసి దొంగలకు పేరు కట్టబెడుతోంది.

సభాధ్యక్షులవారు చీటీ పంపారు. మిగతాది త్వరగా ముగిస్తాను.

2013 మార్చి 31 నాటికి బెంగళూరు, హైదరాబాదు, విశాఖల్లో కేబుల్ టీవీ డిజిటల్ కావాలన్న గడువు చిన్న ఆపరేటర్లను ఇంటర్నెట్ వైపు ఇంకా నెట్టింది. 2017లో యాక్ట్ హైదరాబాదులో 1 జీబీపీఎస్ తెచ్చింది. కోనసీమలో మోరి గ్రామానికి 2016 డిసెంబరులోనే ఫైబర్ చేరింది. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్, అప్పట్లో నెలకు 149 రూపాయలకు నెట్, ఫోన్, టీవీ. ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లినవాళ్లు అక్కడా స్థానిక కేబుల్ ఆపరేటర్లే. తెలంగాణ మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకంలోనే ఫైబర్ గొట్టం వేసుకుంది.

తొలిరోజే ఇంట్లో సినిమా అన్న కోరికది ఇంకో కథ. 2013లో కమల్ హాసన్ 'విశ్వరూపం'ను డీటీహెచ్‌లో ముందే చూపిస్తానంటే థియేటర్లవాళ్లు అడ్డం తిరిగారు. 2019లో జియో విడుదల రోజే సినిమా ఇంట్లో చూపిస్తానంది, జరగలేదు. 2020లో కరోనా ఆ పని చేసింది. ఉగాది నాడు తెలుగు ఓటీటీ ఆహా వచ్చింది, ఏప్రిల్‌లో 'అమృతరామం' నేరుగా నెట్‌లో విడుదలైంది, జూలైలో ఇక్కడ కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్ సంస్థ 'లా'ను అలాగే పంపింది, సెప్టెంబరు 5న నాని 'వి' వచ్చింది. 2022లో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మరీ థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య 8 వారాల ఎడం కోరారు. 2023 జూన్ 2న ఏపీ ఫైబర్‌నెట్ 'నిరీక్షణ' అనే చిన్న సినిమాను విడుదల రోజే 99 రూపాయలకు పల్లెల్లోని ఇళ్లకు ఇచ్చింది. థియేటర్ దొరకని చిన్న నిర్మాతకు, థియేటర్ లేని ఊరికి అది ఒక దారి. ఈ ఒక్కదాని మీదే ఒక పూట మాట్లాడవచ్చు, సమయం లేదు.

ఇక నా విన్నపం. ఈ ఊళ్లో చెట్లకు వేలాడే తీగలను కార్పొరేషన్ కత్తిరిస్తూనే ఉంది. రోడ్డు మీద నడిచేవాళ్ల భద్రత కోసం అది అవసరమే. కానీ ఏ తీగ ఎప్పుడు ఎవరు వేశారో రాసిన కాగితం కూడా వాటితోపాటే పోతోంది. చిన్న ఆపరేటర్లు వ్యాపారాలు అమ్ముకుని వెళ్లిపోతున్నారు. వాళ్ల దగ్గర నెలవారీ వసూళ్ల పుస్తకాలున్నాయి, చేత్తో గీసిన లైను మ్యాపులున్నాయి, ఏ మేడ మీద ఏ పెట్టె ఉందో రాసుకున్న డైరీలున్నాయి. మాస్టారు సేకరించిన గాంధీనగర్ లెడ్జర్ల పక్కన వీటికీ ఒక బీరువా కేటాయించమని ఈ సభ పెద్దలను కోరుతున్నాను. నిచ్చెనలెక్కిన ఆ మనుషుల మాటలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేయించే పని నేను చూసుకుంటాను. ఈ ఏడాదే మొదలుపెడదాం. మీలో ఎవరి వీధిలోనైనా పాత కేబుల్ ఆపరేటరు ఉంటే, సభ అయ్యాక నాకు ఆయన పేరు, ఫోన్ నంబరు రాసివ్వండి.