కలివికోడి జాడ

హద్దులు వ్రాయని దస్తావేజు న్యాయస్థానమున నిలువదు. ఏ పొదలో ఏ ప్రాణి గలదో లెక్క వ్రాయని యడవికిని అదియే గతి. కడప మండలమందలి లంకమల కలివికోడినే చూడుడు. వైద్యుడగు జెర్డన్ సంపాదించిన పక్షినిబట్టి 1848లో శాస్త్రజ్ఞులు దీనికి బేరిడిరి. 1900 తరువాత కానరాక, నశించినదనియే తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు, స్థానికులగు పిట్టలవేటగాండ్ర సాయమున, రెడ్డిపల్లె చెంత మరల గనుగొనిరి. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. పిమ్మట తెలుగుగంగ కాలువ దాని నెలవు మీదుగా రాగా, దారి మార్పవలసివచ్చెను. జాడ వ్రాత కెక్కకున్నచో కాలువ కడ్డుచెప్పు నాధారమే యుండెడిది కాదు.

ఇది రాత్రించరము. మెత్తని మన్ను పఱచి దాని యడుగులు చూచిరి, కూతలు వినిరి. ఇటీవల దర్శన మరుదయ్యెను. పొదలు మిక్కిలి చిక్కనైనను, నఱికి బయలు చేసినను అది నిలువదు. కావున ముండ్లపొదను వట్టి బీడనకుడు. గొఱ్ఱెలకాపరులను, కట్టెలు గొట్టువారిని పిలిచి వారెఱిగినది వ్రాసికొనుడు. మీ యూరి పొలిమేరనుండియే యీ పని యారంభింపుడు. సాక్ష్యము గూర్పనివాడు వ్యాజ్యము గెలువడు.