వలస పోయే ముందు ఒక రక్తపరీక్ష

  

కరీంనగర్, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్ పోవుడు పాత ముచ్చటే. ఇప్పుడు మన ఉట్నూరు, జైనూరు గూడేల పిల్లలూ హైదరాబాద్‌కు, కొందరు దుబాయికి పోతున్నారు. పోవద్దని నేననను. ఒంటి సంగతి తెలుసుకొని పొమ్మంటాను.

మన గోండు, కొలాం, పర్ధాన్ కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు, వాహకుడు అంటారు. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంగి సన్న నాళాల్లో అడ్డుపడతాయి. ఎముకల్లో, ఛాతీలో ఓర్వలేని నొప్పి. ఒంట్లో నీరు తగ్గడం, అతి శ్రమ, చలి, జ్వరం దాన్ని రేపుతాయి.

చేనులో ఎండ ముదిరితే చెట్టు కిందికి వస్తాం. సైట్‌లో మేస్త్రీ చెప్పినప్పుడే నీడ. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించరాదని నిబంధన ఉంది. మరి పొద్దున పదింటి ఎండ సంగతేమిటి? ఆ వేడిలో నీళ్లు తాగకుండా విపరీతంగా కష్టపడితే వాహకులకు కూడా కండరాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. మా హాస్టల్లో ఆడపిల్లలు బాత్రూం దగ్గర వరుసకు జంకి నీళ్లు తగ్గిస్తారు. ఈ అలవాటు ఇక్కడే మానాలి.

తిండి సంగతి సరే సరి. జొన్న చేలు పత్తి చేలయ్యాక గట్క ఇంట్లోనే తగ్గింది. పట్నం గదిలో అన్నం, పచ్చడి, కూల్‌డ్రింక్. పండుగనాడు పదిమందిలో తాగే ఇప్పసారా వేరు, ఒంటరితనానికి రోజూ తాగే క్వార్టర్ వేరు. అది ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తుంది.

గల్ఫ్ మెడికల్‌లో ముఖ్యంగా చూసేది టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి. 'ఫిట్' అని రాసిచ్చారంటే సికిల్ సెల్ లేదని కాదు. దానికి వేరే పరీక్ష ఉంది. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వారికి ఉచితంగా చేస్తారు. పీహెచ్‌సీలో అడగండి. మొదటి పరీక్షలో తేలితే రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

పెళ్లి సంబంధం చెడుతుందని కొందరు కార్డు దాస్తారు. వాహకులు ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అది ముందే తెలియాలి కదా! పనిచోట దాచితే ఇంకా కష్టం: నొప్పితో కూలబడ్డవాణ్ని సోమరి అంటారు.

కార్డు ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి, గదిలో ఉండే ఇంకొకరికీ పంపండి. నొప్పి లేచి ఆసుపత్రికి పోతే డాక్టరుకు మొదట చూపాల్సింది అదే.