సముద్రం మీద పొట్టు



పప్పు వండని రోజు మన ఇళ్ళల్లో అరుదు. కందిమొక్క వేళ్ళకుండే బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయని బళ్ళో చదువుకున్నాం. ఆ నత్రజని లేనిదే పప్పులో మాంసకృత్తులు లేవు. మరి సముద్రంలో కందిచేలు లేవు కదా! అక్కడి చేపలకు ఆ బలం ఎక్కణ్ణించి వస్తుంది?

ఉష్ణమండల సముద్రం నీలంగా, తేటగా ఉంటే చూసి మురిసిపోతాం. నిజానికి అది లేమి రంగు. పైనీరు వెచ్చగా, తేలికగా ఉండి అడుగునున్న చల్లటి నీటితో సరిగా కలవదు. ఎరువంతా అడుగునే ఉండిపోతుంది. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే, అది నీళ్ళలోనూ కరుగుతుంది. ఏం లాభం? దాని పరమాణువులు జంటలుగా గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీయడం చాలా జీవులకు చేతకాదు. నిండుగాదె ముందు కూర్చుని పస్తున్నట్టే!

ఆ విద్య తెలిసిన సూక్ష్మజీవుల్లో ట్రైకోడెస్మియం ఒకటి. సన్నటి పోగులు కట్టలు కట్టి నీటిపై తేలుతుంది. 1770లో ఆస్ట్రేలియా వైపు వెళ్ళిన కెప్టెన్ కుక్ ఓడలోని నావికులు దాన్ని సముద్రపు రంపపు పొట్టు అన్నారట. ఆ 'పొట్టు' నత్రజనిని పడుతుందని 1961లో గాని తేలలేదు. మన బంగాళాఖాతంలోనూ, అరేబియా సముద్రంలోనూ ఇది ఉంది.

నత్రజనిని విడదీసే ఎంజైముకు మహా మడి! ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది. వరిచేలల్లో ఉండే అనబీనా ఇందుకోసం మందపాటి గోడల గదులు వేరే కట్టుకుంటుంది. ట్రైకోడెస్మియానికి ఆ వసతి లేదు. పట్టపగలు తానే ప్రాణవాయువు తయారుచేస్తూ, ఈ పనీ చేస్తుంది. ఒకే వంటింట్లో మడివంటా, మామూలు వంటానూ! ఎలా నెట్టుకొస్తోందో శాస్త్రజ్ఞులు ఇంకా శోధిస్తూనే ఉన్నారు.

పట్టిన నత్రజనిలో కొంత నీళ్ళలోకి వదులుతుంది. దాంతో చిన్న నాచు పెరుగుతుంది. నాచును చిన్న పురుగులు, వాటిని చేపలు తింటాయి. అలాగని అంతా మేలే అనుకోకండి. దట్టంగా పెరిగి ఒక్కసారిగా కుళ్ళితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి చేపలకే ముప్పు.

ఒడ్డున కనిపించే ప్రతి తెట్టూ ఇదే కాదు, మనం వదిలే మురుగూ ఉంటుంది. కానీ చూడగానే చెత్త అని తీసిపారేయకండి. కంటికి ఆనని చాకిరీ విలువ మనకు ఒకరు చెప్పాలా?