బండి ఆగితే నష్టం మనదే
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



టమాటా కోసిన రాత్రి బండి మొరాయిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. మదనపల్లె మార్కెట్లో వేలం మన కోసం ఆగదు. కాయ మెత్తబడి రేటు పడిపోతుంది. కోత కూలీ మాత్రం తగ్గదు. అందుకే డీజిల్ పికప్‌లకు వచ్చే మామూలు జబ్బులను మనమే గుర్తుపట్టాలి.

ముందు పొగ చూడండి. నల్లపొగ అంటే ఇంజిన్‌కు గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పోతోంది. పొలం దారుల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతుంది. అది చూడకుండా నాజిళ్లు విప్పనివ్వొద్దు. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. చలికి పొద్దున కాస్త తెల్లపొగ మామూలే. వేడెక్కాక కూడా ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా బండి అందుకోకపోతే డీజిల్ లైను చూడాలి. డబ్బాల్లో తెచ్చి పోసే డీజిల్‌తో నీళ్లు, చెత్త దిగుతాయి. ఫిల్టర్ అడుగున మర వదులు చేసి నీళ్లు తీసేయాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే లైనులో గాలి చేరుతుంది. చేతి పంపు ఉన్న బండ్లలో దాన్ని కొట్టి గాలి తీయొచ్చు. కామన్ రైల్ ఇంజిన్లలో మాత్రం నాజిల్ పైపు వదులు చేసే పాత పద్ధతి వద్దే వద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

ఘాట్‌లో వేడి ముల్లు పైకి పోతే బండి ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. చల్లారాక నీళ్లు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్‌కు పట్టిన దుమ్ము చూడండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు సెన్సార్లు ఎక్కువ. లైటు వెలిగితే స్కానర్ పెట్టందే సంగతి తేలదు. మా బండిని ఒక షెడ్డులో రెండు రోజులు ఉంచుకుని, చివరికి ఒక వైరు ప్లగ్గు వదులైందన్నారు. ఆ రెండు రోజుల కాయ పశువుల పాలైంది.

కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది. వాహనాలు, వ్యవసాయ యంత్రాలు దాని పరిధిలో ఉన్నాయి. అయినా మన ఊరి మెకానిక్‌కు కంపెనీల రిపేరు వివరాలు అందడం లేదు. అవి ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి. ఈలోగా నాలుగు ఊళ్లు కలిసి ఒక స్కానర్ కొనుక్కుందాం. షెడ్డుకు పోతే లోపం కోడ్ కాగితం మీద రాయించుకుందాం, మార్చిన పాత సామాను వెనక్కి అడుగుదాం.

పంట మీద దెబ్బలు చాలానే ఉన్నాయి. మనం చూసుకోగలిగిన దెబ్బనైనా తప్పించుకుందాం.